వేదాయపాలెంలో ఇల్లు కొన్న కథ: అంకణాలు, సంతకాలు, వాన నీళ్ళు

నెల్లూరు మూలాపేటలో మేమున్న పోర్షన్ ఓనర్లు ఏనాడూ మమ్మల్ని ఖాళీ చేయమనలేదు. రెండు గదులు, ఒక వంటిల్లు, నడవాలో నీళ్ళ డ్రమ్ము. అమ్మాయి ఏడో తరగతికి వచ్చింది, మామయ్యకి మోకాళ్ళు పట్టేశాయి, పైమెట్లు ఎక్కలేకపోతున్నారు. సందులోకి స్కూలు బస్సు రాదు, ఆటో కూడా అయిష్టంగానే వస్తుంది. ఇక సొంతిల్లు చూసుకుందామని ఇంట్లో అందరూ ఒక మాట అనుకున్నాం. తర్వాత గొడవ మొదలైంది, ఎక్కడ అని.

నెల్లూరులో ఇల్లు వెతికేవాళ్ళు ముందు ఏరియా గురించి కొట్టుకుంటారు. మాగుంట లేఅవుట్ అంటే అందరికీ ఇష్టమే, రేటు వినగానే ఆ ఇష్టం దానంతట అదే తగ్గిపోతుంది. రామలింగాపురం, హరనాథపురంలో మా బడ్జెట్‌లో అపార్ట్‌మెంట్‌లే దొరుకుతున్నాయి. పెన్న వైపు చూద్దామంటే మామయ్య ససేమిరా అన్నారు. 2021 నవంబరులో పెన్న పొంగి వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ మునగడం, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని బళ్ళు ఆగిపోవడం ఆయన మర్చిపోలేదు. "ఏటి పక్క కొంటే మీరే ఉండండి, నేను ఈడనే ఉంటా" అన్నారు.

చివరికి వేదాయపాలెం దగ్గర అందరూ కలిశారు. ఒక పక్క రైల్వే స్టేషన్, ఇంకో పక్క హైవే, అయ్యప్ప గుడి, పిల్లల స్కూళ్ళు, ఊళ్ళోకి వెళ్ళడానికి చెయ్యెత్తితే ఆగే షేర్ ఆటోలు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన వాళ్ళు ఎక్కువగా ఉండే వీధులు. సాయంత్రం పిల్లలు రోడ్డు మీదే సైకిళ్ళు తొక్కుతున్నారు. నాకు అది చాలు.

అపార్ట్‌మెంట్ తీసుకుందామా, ఇండివిడ్యువల్ హౌసా అన్న చర్చ అత్తయ్య ఒక్క వాక్యంతో ముగించారు. "మన నెత్తిన ఇంకొకరు నడిచేది కూడా ఇల్లేనా?" అపార్ట్‌మెంట్‌లో స్థలం మన వాటాకి ఎంత వస్తుందో, పాతికేళ్ళ తర్వాత బిల్డింగు పడగొడితే మిగిలేది అదేనని మా ఆయన లెక్కలు వేసి చెప్పడం మొదలుపెట్టారు గానీ, అప్పటికే ఆ విషయం తేలిపోయింది.

కొన్నాళ్ళు తిరిగాం. రెండు చోట్ల చాలా దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాం. ఒకటి ఖాళీ సైటు, అప్రూవల్ లేని లేఅవుట్. "ఎల్ఆర్ఎస్ కట్టేస్తే రెగ్యులర్ అయిపోతుంది మేడం" అన్నాడు అమ్మేవాడు. ఎల్ఆర్ఎస్ అంటే అప్రూవల్ లేని లేఅవుట్లని ఫీజు కట్టించుకుని రెగ్యులర్ చేసే ప్రభుత్వ స్కీము. ఆ కట్టేది ఎవరు అంటే నవ్వాడు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలకపోతే స్థలం విలువ మీద శాతం లెక్కన ఓపెన్ స్పేస్ చార్జీలు వేస్తారు, మామూలు ఫీజు దానికి అదనం. అంత కట్టాక అది చవక సైటు కాదు. రెండోది ముచ్చటైన ఇల్లు, కొత్తది, పైన కూడా ఒక పోర్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి చూస్తే రిజిస్ట్రేషన్ చెయ్యకూడదని పెట్టిన నిషేధిత జాబితాలో ఉంది, అదే 22-ఏ అంటారే, అది. దేవాదాయ భూమి అని రాసుంది. అమ్మేవాళ్ళు తప్పుగా ఎక్కిందని, కలెక్టర్ ఆఫీసులో అర్జీ పెట్టామని కాగితాలు చూపించారు. నిజమే అయ్యుండొచ్చు. తీసేశాక చెప్పండి, అప్పుడు కొంటాం అని వచ్చేశాం.

ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ వెతుకులాటే. ఇంటి లోపలికి అడుగు పెట్టకముందే సర్వే నంబరు అడిగి ఫోన్లో చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. లోపలికెళ్ళి పూజ గది చూసి మనసు పడ్డాక చూస్తే మన కళ్ళకి ఆ జాబితా కూడా చిన్నదిగానే కనిపిస్తుంది.

మూడోది మా బ్రోకర్ తెచ్చాడు. తూర్పు ముఖం, కింద రెండు బెడ్‌రూములు, హాలు, పైన ఒక్క గది, వెనక జామచెట్టు. కట్టి చాలా ఏళ్ళయింది. కట్టించిన పెద్దాయన పోయారు, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, ఇల్లు తాళం వేసి ఉంది.

"ఇరవై ఐదు అంకణాలన్నా. ఈ ఏరియాలో ఇంత జాగా ఇప్పుడు యాడా లేదు" అన్నాడు బ్రోకరు.

బయటి ఊళ్ళ వాళ్ళకి ఇది చెప్పాలి. నెల్లూరులో ఇంటి స్థలం గజాల్లో ఎవరూ మాట్లాడరు, అంకణాల్లోనే. మా అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వెళ్తే అంకణం అందులో సగమే, 36 అడుగులు. అక్కడి రేటు విని ఇక్కడ ఆశపడ్డవాళ్ళు, ఇక్కడి రేటు విని అక్కడ భయపడ్డవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. ఇంకో విషయం, పాత ఇల్లు కొనేటప్పుడు బేరం మొత్తం స్థలం మీదే నడుస్తుంది. కట్టడానికి ఏదో ఇంత అని పైన వేస్తారు. పెద్దాయన టేకు తలుపులు ఎంత ప్రేమగా చేయించుకున్నా బేరంలో వాటిని ఎవరూ లెక్కపెట్టరు.

మామయ్య పాత దస్తావేజు జిరాక్సు తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. 1991 నాటి క్రయ దస్తావేజు. అందులో స్థలం "నాలుగు సెంట్లు" అని ఉంది. సెంటు అంటే 48.4 గజాలు. నాలుగు సెంట్లకి 193.6 గజాలు, ఎనిమిదితో భాగిస్తే 24.2 అంకణాలు. ఇరవై ఐదు ఎక్కడిది? "రౌండుగా చెప్పినా సార్" అన్నాడు బ్రోకరు. ఆ రౌండు విలువ మా అమ్మాయి ఏడాది స్కూలు ఫీజు కంటే ఎక్కువ. ఆదివారం టేపు తీసుకెళ్ళి మేమే కొలిచాం. రోడ్డు వైపు 36 అడుగులు, లోతు 48 అడుగుల ఐదంగుళాలు. దస్తావేజుకి సరిగ్గా సరిపోయింది. బేరం 24.2 మీదే మొదలుపెట్టాం.

ఆ కొలిచేటప్పుడే మా ఆయన ఒకటి గమనించారు. హాల్లో గోడలకి కింది రెండడుగులు మాత్రం కొత్త రంగు. పైన వెలిసిన క్రీము, కింద మెరిసే క్రీము. బోర్డర్ డిజైన్ అనుకోవడానికి లేదు. వెనక గదిలో బీరువా ఉన్న చోట రంగు వేసినవాడు చెయ్యి పెట్టలేకపోయినట్టున్నాడు. అక్కడ గోడకి మోకాలి కింద గోధుమరంగు గీత అడ్డంగా, స్కేలుతో గీసినట్టు ఉంది. బయటికొచ్చి చూస్తే రోడ్డు వాకిలి కంటే ఎత్తు. వేసిన సిమెంటు రోడ్డు మీదే మళ్ళీ రోడ్డు వేసుకుంటూ పోతే ఇంతే. ఒకప్పుడు నాలుగు మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళేవాళ్ళట, ఇప్పుడు రోడ్డు మీంచి అడుగు కిందికి దిగి గేటు తియ్యాలి.

వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. మా ఆయన చొక్కా ఒకటి ఇస్త్రీకి ఇచ్చి నిలబడి మాట్లాడారు. "పెద్ద తుపానొచ్చినప్పుడు ఆ ఇంట్లోకి నీళ్ళు పోయినాయి సార్. రోజూ రావు. కాలవ పూడు తియ్యకుంటే వస్తాయి. పక్క మేడ కట్టినాక ఆ నీళ్ళు కూడా ఈ పక్కకే వస్తుండాయి." ఇంటి గురించి మాకు దొరికిన అసలైన రిపోర్టు అదే, ఇస్త్రీ డబ్బులకి. అత్తయ్య వద్దన్నారు. మామయ్య మాత్రం "ఏటి నీళ్ళు కాదు కదా, వాన నీళ్ళు. వాటికి మందుంది" అన్నారు. నీళ్ళ సంగతి అమ్మే ఆయనకి ఫోన్లో చెప్పాం. అవతల కాసేపు మాట లేదు. తర్వాత రేటు కొంచెం దిగింది.

అడ్వాన్స్ మాత్రం ఇవ్వలేదు. "టోకెన్‌గా ఒక లక్ష వెయ్యండన్నా, వేరే పార్టీ చూస్తుండారు" అని బ్రోకర్ రోజూ ఫోన్. ఆ వేరే పార్టీ ఎవరో గానీ ప్రతి బ్రోకర్ దగ్గరా ఉంటారు. లాయర్ కాగితాలు చూసి సరే అన్నాకే పైసా కదుపుతాం అని నేను గట్టిగా చెప్పాను. ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను నేను, ఇచ్చిన డబ్బు వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో రోజూ చూసేదే.

లాయర్ గారు పాతకాలం మనిషి. ఫైలు తిరగేసి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, పక్కన పెట్టేశారు. ఈసీ శుభ్రంగా ఉంది. 1991లో పెద్దాయన కొన్నది, తర్వాత ఒక బ్యాంకు తనఖా, దాని విడుదల, అంతే.

"ఈసీలో ఏముంటుందమ్మా? రిజిస్టర్ ఆఫీసుకి వచ్చిన కాగితమే ఉంటుంది. మనిషి చచ్చిపోయినట్టు ఈసీలో రాదు. ఆయనకి పిల్లలెంతమందో అసలే రాదు. ఆ సంగతి చెప్పండి ముందు."

కొడుకు ఒక్కడే అనుకున్నాం. కాదు. ఇద్దరు కూతుళ్ళు కూడా ఉన్నారు. పెద్దావిడ కావలిలో, చిన్నావిడ అమెరికాలో. తల్లి కూడా పోయారు. ఫోన్లో అడిగితే కొడుకు చాలా మామూలుగా అన్నారు, "అక్కచెల్లెళ్ళకి పెళ్ళిళ్ళప్పుడే ఇచ్చేశామండీ. పసుపు కుంకుమల కింద పొలం అమ్మి మరీ పెట్టాం. వాళ్ళకి ఇందులో ఏం లేదు." దానికి కాగితం కూడా ఉందన్నారు. వాట్సాప్‌లో పంపారు. తండ్రి కర్మకాండలప్పుడు తెల్లకాగితం మీద రాసుకున్నది. ఇల్లు తమ్ముడికి చెందుతుందని, కింద ముగ్గురి సంతకాలు, ఇద్దరు సాక్షులు.

లాయర్ గారు దాన్ని ఫోన్లో పెద్దది చేసి కూడా చూడలేదు. స్థిరాస్తిలో వాటా వదులుకుంటున్నట్టు రాసిన కాగితం రిజిస్టర్ కావాలి, లేకపోతే కోర్టులో నిలబడదన్నారు. పెద్దాయన తన సంపాదనతో కొన్న ఇల్లు, వీలునామా రాయకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకి ఎంతో ప్రతి కూతురికీ అంతే. పెళ్ళికి ఏం పెట్టారన్నది ఆ లెక్కలోకి రాదు. "ముగ్గురూ సంతకం పెడితే కొనండి. ఇద్దరు పెడితే మూడింట రెండు వంతుల ఇల్లు, మూడో వంతు కేసు కొనుక్కున్నట్టు."

ఇక్కడి నుంచి మా పని ఇల్లు కొనడం పోయి ఇంకొకరి ఇంటి పంచాయితీ అయింది. అమెరికాలో ఉన్న చిన్నావిడ మంచిగా మాట్లాడారు. నాకేం వద్దు, అన్నకే వదిలేస్తాను అన్నారు. కానీ వదిలేయడం కూడా కాగితం మీదే జరగాలి. ఆవిడ అమ్మేవాళ్ళలో ఒకరిగా సంతకం పెడితే ఎన్నారై కాబట్టి ఆవిడ వాటా మీద కొనేవాళ్ళం మేము వేరే సెక్షన్ కింద ఎక్కువ టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, దానికి అప్పట్లో టాన్ అని వేరే నంబరు తీసుకోవాల్సి వచ్చేది. అందుకని లాయర్ గారు ఇంకో దారి చెప్పారు. ఆవిడ ముందు తన హక్కును అన్నకి రిజిస్టర్డ్ దస్తావేజుతో విడుదల చెయ్యాలి. అందుకోసం ఇక్కడున్న బంధువు పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. అది ఇండియా చేరాక మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించుకోవాలి. ఆ కాగితం సముద్రం దాటి రావడానికి శ్రావణం పోయి భాద్రపదం వచ్చింది.

కావలి పెద్దావిడ దగ్గర మాత్రం పని ఆగింది. తమ్ముడు ఫోన్ చేస్తే ఎత్తదు. బ్రోకర్ వెళ్తే ఇంట్లో లేనని చెప్పించింది. చివరికి ఆవిడతో మేమే మాట్లాడతామని అడిగి, మా ఆయన, నేను వెళ్ళాం. వరండాలో కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది. ఇంటి మాట ఎత్తకుండా మా పిల్లలు, మా ఊరు, మా అత్తగారి పుట్టిల్లు అన్నీ అడిగింది. అత్తయ్యది అల్లూరు అనగానే ఎవరో బంధుత్వం తీసింది. ఆ తర్వాత తనే మొదలుపెట్టింది.

"మా నాయన కట్టించిన ఇల్లమ్మా అది. నాకు పెళ్ళికి పెట్టింది పెట్టినారు, కాదనను. నేనేమీ ఎక్కువ అడగతల్లేదు. నా వాటా నా పేరుతో చెక్కు రావాల. తమ్ముడి చేతికిచ్చి, వాడు తరవాత నాకిస్తాడంటే నేను సంతకం పెట్టను. నువ్వైతే పెడతావా?"

నాకు సమాధానం తోచలేదు. నిజం చెప్పాలంటే మేము డబ్బు ఎలా ఇస్తాం అన్నది మా చేతిలో ఉన్న పనే. తమ్ముడికీ, ఆవిడకీ విడివిడిగా చెక్కులు ఇస్తే సరిపోతుంది. దారిలో కారులోంచే ఫోన్ చేసి చెప్తే తమ్ముడు కస్సుమన్నారు. మీరు కొనడానికి వచ్చారా, పంపకాలకి వచ్చారా అన్నారు. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఫోన్ చేసి సరే అన్నారు. మధ్యలో వాళ్ళ మేనమామ కల్పించుకున్నారని బ్రోకర్ చెప్పాడు. ఆయనకి చెల్లెలి వాటా కూడా కలిసి మూడింట రెండు వంతులు, అక్కకి ఒక వంతు. లాయర్ గారు పేపర్లో ప్రకటన వేయించారు, ఈ ఇంటి మీద ఎవరికైనా హక్కు ఉంటే ఏడు రోజుల్లో చెప్పమని. ఎవరూ రాలేదు. అప్పుడు అగ్రిమెంట్ రాసుకున్నాం, అడ్వాన్స్ ఇచ్చాం.

డబ్బు సంగతికొస్తే, తమ్ముడు ముందే ఒక మాట వేశారు. బుక్ వాల్యూకి, అంటే ప్రభుత్వం కట్టిన విలువకి రిజిస్టర్ చేసుకుందాం, మిగతాది క్యాష్ ఇవ్వండి అని. ఊళ్ళో మామూలే కదా అంటారు. మాకు మామూలు కాదు. లోన్ మీద కొనేవాళ్ళకి దస్తావేజులో ఎంత రాస్తే బ్యాంకు లెక్క అంతే. పైగా ఆస్తి కోసం 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్ళకే అంత మొత్తం జరిమానా పడుతుంది. రేపు మేము అమ్ముకుంటే లాభం ఎక్కువ కనిపించి పన్ను మాకు పడుతుంది. కావలి ఆవిడ అయితే ఈ మాట వినగానే "నా వాటా అంతా చెక్కే" అంది. క్యాష్ గొడవ ఆవిడ వల్లే తీరింది, లోపల ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను.

బ్యాంకు వాళ్ళ తీరు వేరు. వాళ్ళ లాయర్ మళ్ళీ మొదటి నుంచి అన్నీ అడిగాడు. వాళ్ళ ఇంజనీరు వచ్చి ఇల్లు కొలిచి, పైగదికి ప్లాన్ అప్రూవల్ లేదని దాన్ని లెక్కలోంచి కొట్టేశాడు. మేము అడిగిన లోన్ 30 లక్షలు దాటింది కాబట్టి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. ఇక్కడే చాలామందికి లెక్క తప్పుతుంది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం. పది లక్షలకి 75,000. ఇది కాక బ్యాంకుకి దస్తావేజులు అప్పగించినట్టు ఇంకో రిజిస్ట్రేషను, లాయర్, బ్రోకర్. ఇవన్నీ చేతి డబ్బే. నా గాజులు రెండు జతలు ఆ కొద్ది నెలలు బ్యాంకులో సేద తీరాయి.

ధర 50 లక్షలు దాటింది కాబట్టి మేము ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ళు ఇద్దరు, కొనేవాళ్ళం మేమిద్దరం, కాబట్టి ఆ పన్నుకి అప్పట్లో ఉన్న 26క్యూబీ ఫారాలు నాలుగు. ఇంతలో కావలి ఆవిడ పాన్ కార్డు ఆధార్‌తో లింక్ కాలేదని తేలింది. అలా పనిచెయ్యని పాన్ అయితే ఒక శాతం కాదు, 20 శాతం కొయ్యాలి. ఆవిడకి చెప్పడానికి భయమేసింది. వాటా తగ్గించడానికి ఇదో ఎత్తు అనుకుంటుందేమోనని. మా ఆయన వెయ్యి రూపాయలు ఫీజు ఆన్‌లైన్‌లో కట్టించి, లింక్ అయ్యేదాకా ఆగారు.

రిజిస్ట్రేషన్ రోజు గురించి చెప్పాల్సింది ఎక్కువేం లేదు. పొద్దున స్లాట్, మధ్యాహ్నం పని. డ్రాఫ్టు ముందు రోజే మామయ్య చదివి చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు రాసే చోట తప్పు పట్టుకున్నారు. తూర్పున రోడ్డు, దక్షిణాన "ఖాళీ స్థలం" అని పాత దస్తావేజులో ఉన్నట్టే దించేశారు. ఆ ఖాళీ స్థలంలో ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. పాత హద్దుతో పాటు ఇప్పటి యజమాని పేరు, డోర్ నంబరు కలిపి రాయించారు. దస్తావేజులో నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా మాకు అమ్మినట్టు కూడా ఉంది. నిధి సంగతేమో గానీ, జలం పుష్కలంగా వస్తుందని మాకు ముందే తెలుసు.

లోపల కావలి ఆవిడ వేలిముద్ర మెషీన్ మీద పడలేదు. బొటనవేలు, చూపుడువేలు, చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ బొటనవేలు. ఏళ్ళ తరబడి అంట్లు తోమిన చేతులు, గీతలు అరిగిపోయాయి అంది. వెనక లైనులో వాళ్ళు విసుక్కుంటున్నారు. పక్కన కూర్చున్న తమ్ముడు లేచి, ఏమీ మాట్లాడకుండా, ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంగరం వేలిని గాజు మీద గట్టిగా నొక్కి పెట్టారు. పచ్చ లైటు వెలిగింది. చెక్కు తీసుకున్నాక ఆవిడ అంకెలు రెండుసార్లు చదువుకుని, రవికలో పెట్టుకుంది. ఇద్దరూ ఒకే ఆటోలో బస్టాండుకి వెళ్ళారు. సంధి కుదిరిందో, ఆటో డబ్బులు కలిసొస్తాయనో నాకు తెలీదు.

ఇదంతా అయ్యేసరికి ధనుర్మాసం వచ్చింది. గృహప్రవేశం కుదరదు, మాఘం దాకా ఆగాలన్నారు అత్తయ్య. అటు ఈఎంఐ మొదలైంది, ఇటు అద్దె నడుస్తోంది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆ గ్యాప్‌లోనే ఇంటిపని చేయించగలిగాం. ఇల్లు మొత్తం జాకీలతో ఎత్తించే కంపెనీల వాళ్ళు కూడా వచ్చి కొటేషన్ ఇచ్చారు. విని మంచినీళ్ళు ఇచ్చి పంపించాం. మేస్త్రీ సలహా తేలిగ్గా ఉంది. పోర్టికో ఎత్తు చేసి వీధి గుమ్మం దగ్గర గట్టు కట్టడం, దక్షిణం గోడకి పూత, వెనక చిన్న సంపు తవ్వి మోటారు. ప్లంబర్ చెప్పినదొకటి అసలు నాకు తట్టేది కాదు. వరద నీళ్ళు గుమ్మంలోంచే రావు, వీధి కాలవ నిండితే బాత్‌రూమ్ తూములోంచి వెనక్కి పొంగుతాయి. బయటికెళ్ళే పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాం. ఇంత పనిలో చవకైనది అదే.

ఇక ఉండటం గురించి. బాగుంది. స్కూలు వ్యాన్ గేటు ముందుకి వస్తుంది. మామయ్య పొద్దున్నే స్టేషన్ దాకా నడిచి వచ్చేస్తారు. మొదటి నెల రాత్రిళ్ళు గూడ్సు బండి కూతకి ఉలిక్కిపడి లేచేదాన్ని. మద్రాసు మెయిన్ లైను కదా, ఆగదు, పైగా మూడో లైను కూడా వేశారు. ఇప్పుడు నాకు వినిపించదు, చుట్టాలొస్తే వాళ్ళు లేస్తారు. ఆదివారం చేపలావిడ బుట్టతో వీధిలోకే వస్తుంది. కొరమీను శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇస్తుంది. మామిడికాయ వేసి పులుసు పెడితే రెండో రోజు అసలు రుచి.

దోమలు మాత్రం దోమలే, నెల్లూరు దోమలు ఏరియా చూసి రావు. సాయంత్రం ఆరు కాకముందే తలుపులు మూసేస్తాం. బోరు నీళ్ళు స్నానానికి పర్లేదు, తాగడానికి పనికిరావు, నీళ్ళ క్యాను తెప్పించుకుంటాం. పక్క మేడ వాళ్ళ కారు మా గేటు ముందే పెడతారు. మంచివాళ్ళు, సంక్రాంతికి అరిసెలు పంపారు, అందుకని ఎలా చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇండివిడ్యువల్ హౌస్‌లో అసోసియేషన్ ఉండదు, మెయింటెనెన్స్ ఉండదు అని సంతోషించాం. కాలవలో పూడు తియ్యమని అడగడానికి కూడా ఎవరూ ఉండరని తర్వాత అర్థమైంది. వార్డు సచివాలయానికి మామయ్యే వెళ్తారు. ఆయన్ని చూడగానే అక్కడి అమ్మాయి "కాలవేనా తాతా" అంటుందట.

మొదటి వానాకాలం కార్తీకంలో వచ్చింది. మాకు వానలంటే అప్పుడే, అక్టోబరు, నవంబరు. అల్పపీడనం అన్నారు, రాత్రంతా కురిసింది. తెల్లవారి చూస్తే రోడ్డు మీద మోకాలి కింద దాకా నీళ్ళు. గేటులోంచి పోర్టికో అంచు దాకా వచ్చి ఆగాయి. బాత్‌రూమ్ తూములో గుడగుడ శబ్దం తప్ప ఏమీ పైకి రాలేదు. అత్తయ్య ముందు జాగ్రత్తగా బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. ఇస్త్రీ బండి ఆయన వచ్చి "లోపలికి రాలేదా సార్?" అని అడిగి, వాల్వ్ ఎక్కడ పెట్టించారో చూసి వెళ్ళాడు. వాళ్ళ ఇంటికీ ఇదే బాధట.

ఇంటిపన్ను, కరెంటు మీటరు మా పేరు మీదికి మారాయి. రిజిస్టర్ కాగితం కాపీలు పెట్టి అప్లికేషన్ ఇస్తే అయిపోయే పని, కాస్త తిరుగుడు. అసలు దస్తావేజులు మాత్రం బ్యాంకులో ఉన్నాయి, పాత 1991 నాటిదీ, చిన్నావిడ హక్కు విడుదలదీ, మాదీ. "ఇల్లు మనదైతే కాగితాలు వాళ్ళ దగ్గర ఎందుకే?" అని అత్తయ్యకి అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. 2023 డిసెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాలి. ఏయే కాగితాలు తీసుకున్నారో నంబర్లతో సహా రాసి, బ్యాంకు ముద్ర, సంతకం వేయించుకున్న లిస్టు అడిగి తీసుకున్నాను. అడక్కపోతే ఇచ్చేలా లేరు. ఆ లిస్టు బీరువాలో ఉంది, ఫొటో నా ఫోన్లో ఉంది, ఇంకో జిరాక్సు గూడూరులో మా అన్నయ్య దగ్గర పెట్టాను.